కొచ్చి మెట్రోలో భవానీపురం లెక్కలు

పాలక్కాడ్ కనుమ దాటగానే గాలి మారింది. కోయంబత్తూరు దాకా కిటికీలోంచి ముఖాన కొట్టిన పొడిగాలి వాళయార్ దగ్గర తడిసిపోయింది. అటూ ఇటూ పడమటి కనుమలు మబ్బుల్లో తల దూర్చి నిలబడ్డాయి. మధ్యలో ఈ ఒక్క సందు ఉంది కాబట్టే ఇటు తమిళదేశం నుంచి అటు మలయాళదేశానికి రైలూ రోడ్డూ పోగలిగాయి. కొండల మధ్య సందు విలువేమిటో మా విజయవాడ భవానీపురం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరోవైపు కృష్ణ. ఊళ్లోకి వెళ్లాలంటే ఆ రెంటి మధ్యనుంచి వెళ్లాలి, లేదా చిట్టినగర్ సొరంగంలో దూరాలి. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచేదాకా దసరా పది రోజులూ మాకు ఊరితో సంబంధం తెగిపోయినట్టే ఉండేది. రెండున్నర కిలోమీటర్లు దాటి సాగే ఆ ఆరు వరసల వంతెన వచ్చాక ఊపిరి పీల్చుకున్నాం. కానీ దాని మీద బస్సు కోసం నిలబడే చోటు లేదు. అది సొంత బండి ఉన్నవాడి వంతెన.

ఎర్నాకుళంలో స్నేహితుడి కూతురి పెళ్లి. పెళ్లి మీద ప్రేమ ఎంతో, అక్కడి మెట్రో మీద ఆసక్తీ అంతే. పదేళ్లకు పైగా మేం మెట్రో మాట వింటున్నాం. 2014 విభజన చట్టంలో విజయవాడ, గుంటూరు, తెనాలి కలిపి మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. కడతామని రాయలేదు, పరిశీలిస్తామని రాశారు. ఆ పరిశీలన ఇంకా నడుస్తోంది. కొచ్చి కూడా ఢిల్లీ, చెన్నై లాంటి మహానగరం కాదు. 2011 లెక్కల ప్రకారం పరిసర పట్టణాలతో కలిపి 21 లక్షల జనం. మా విజయవాడకు అదే లెక్కన 15 లక్షలకు కాస్త తక్కువ. ఈ మాత్రం ఊరు రైలును ఎలా మోస్తోంది, రైలు ఈ ఊరిని ఎలా మోస్తోంది అన్నది నా ఆరా.

త్రిస్సూర్ దాటాక చాలకుడి వచ్చింది. పక్క సీటు పెద్దాయన, రిటైరైన స్కూలు మాస్టారు, కిటికీ బయటకు వేలు చూపించి అటువైపు అడవిలోకి ఒకప్పుడు ట్రాము నడిచేదన్నారు. మనుషుల కోసం కాదు, కలప కోసం. కొచ్చిన్ సంస్థానం పరంబికుళం అడవుల నుంచి టేకు దించుకోవడానికి గత శతాబ్దం మొదట్లో వేసిన దారి అది. 1963లో మూసేశారు. మద్రాసు ట్రాముల సంగతి నేను చెప్పాను. 1895 నుంచి 1953 దాకా నడిచాయవి. మా తాతల తరంలో చదువుకనో సినిమాలకనో మద్రాసు పోయినవాళ్లందరూ వాటి గంట చప్పుడు విన్నవాళ్లే. ఆయన ఇంకో కథ ఎత్తుకున్నారు. షొర్నూర్ నుంచి ఎర్నాకుళానికి రైలు వేయడానికి డబ్బు చాలక కొచ్చి రాజావారు తృప్పూణితుర గుడి ఏనుగుల బంగారు నెత్తిపట్టాలు అమ్మేశారట. 1902లో రైలు వచ్చింది. ఇప్పుడు మెట్రో చివరి స్టేషను ఆ తృప్పూణితురలోనే ఉంది. రైలు కోసం దేవుడి నగ తాకిన రాజుగారి ధైర్యం సంగతి అలా ఉంచితే, ఊరికి రైలు కావాలంటే ఎవరి మెడలోదో తీయాల్సిందేనన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే లెక్క.

ఆలువాలో దిగాను. పెరియార్ ఒడ్డున ఊరు. శివరాత్రికి లక్షల మంది చేరే ఇసుక తిన్నె అక్కడిదే. స్టేషను బయట చిన్న హోటల్లో పుట్టూ కడలా పెట్టించుకున్నాను. వెదురు బొంగంత పొడుగ్గా ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి, మధ్యమధ్య కొబ్బరి కోరు, పక్కన నల్ల శనగల కూర. పొద్దున్నే కారప్పొడీ నెయ్యీ వేసిన ఇడ్లీకి అలవాటుపడ్డ నాలుక మొదటి ముద్దకు తడబడి, రెండో ముద్దకు లొంగిపోయింది. హోటలాయన మాటల్లో ఊరు అడిగాడు. విజయవాడ అనగానే మొహం విప్పారింది. ఢిల్లీలో పనిచేసిన రోజుల్లో కేరళ ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ పోతూ మా స్టేషనులో చాలాసార్లు అన్నం పొట్లం కొన్నాడట. ఊరు ఎప్పుడూ చూడలేదు. ఆయనకు విజయవాడ అంటే ప్లాట్‌ఫారమే. చాలామంది మలయాళీలకు అంతే. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే జంక్షను మాది, దేశమంతా మా మీదుగా పోతుంది. ఆ జంక్షనులో దిగి భవానీపురం చేరడానికి మాత్రం ఏ పట్టాలూ లేవు.

మెట్రో స్టేషను శుభ్రంగా ఉంది. శుభ్రం చేస్తున్నదీ టికెట్లు ఇస్తున్నదీ కుడుంబశ్రీ మహిళలు. మన డ్వాక్రా సంఘాల్లాంటివే అవి. మన సంఘాలు పొదుపులో, పచ్చళ్లలో పేరు తెచ్చుకున్నాయి. స్టేషను నడిపే పని ఇస్తే చేయలేరని నేననుకోను. 2017 జూన్‌లో మెట్రో మొదలైనప్పుడు ట్రాన్స్‌జెండర్లను కూడా ఉద్యోగాల్లో తీసుకున్నారు. వాళ్లలో కొందరికి నగరంలో అద్దె ఇల్లు దొరక్క మానేశారని అప్పట్లో పేపర్లో చదివాను. రైలు తలుపు తెరుచుకున్నంత సులభంగా ఊరి తలుపులు తెరుచుకోవు.

మూడే మూడు పెట్టెల రైలు. నెత్తిమీద తీగలు లేవు. పట్టాల పక్కనే ఇంకో పట్టా ఉంది, కరెంటు దాన్లోంచి. అందుకే కిటికీలోంచి చూస్తే ఆకాశం గీతలు లేకుండా ఉంది. ఈ పెట్టెలు ఎక్కడ చేశారో తెలుసా? మన శ్రీసిటీలో. తడ దగ్గర ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారై ఇంత దూరం వచ్చాయి. ఆంధ్రా నేల మీద పుట్టిన రైలు ఎక్కడానికి ఆంధ్రావాడు అరేబియా సముద్రం దాకా రావాల్సొచ్చింది. ఇంకా ఉంది. ఇక్కడి రైళ్లకు నదుల పేర్లు పెట్టారు. పెరియార్, పంప, నిళ సరే, కృష్ణ కూడా ఉంది, గోదావరి ఉంది, భవాని ఉంది. ఆ భవాని కావేరిలో కలిసే నది, మా భవానీపురానికి చుట్టం కాదు. అయినా ఎక్కిన రైలు పేరేమిటా అని వెతుక్కోకుండా ఉండలేకపోయాను.

రైలు కొబ్బరి చెట్ల మొవ్వుల ఎత్తులో పోతోంది. పెంకుటిళ్ల కప్పులు, చర్చి గోపురాలు, ఒక డాబా మీద ఆరేసిన ముండులు, కింద బస్సుల వరస. కింద రోడ్డు చూస్తుంటే ఏలూరు రోడ్డు గుర్తుకొచ్చింది. వెడల్పు అంతే, ఇరుకు అంతే, హారన్లూ అంతే. ఆ ఇరుకులోనే స్తంభాలు లేపారు. కట్టినన్నాళ్లూ వ్యాపారాలు పోయి జనం తిట్టుకున్నారట. ఇప్పుడు స్తంభాలకు మొక్కలు, ప్రకటనలు. కుసాట్ స్టేషనులో యూనివర్సిటీ పిల్లలు గుంపుగా ఎక్కారు. నా పక్కన నిలబడ్డ అమ్మాయిని రోజూ ఇందులోనే వస్తావా అని అడిగితే నవ్వి, నెలాఖరులో బస్సు అంది. రైలుకి ఇచ్చేది తక్కువే, స్టేషను నుంచి ఇంటికి ఆటో తీసుకునేదే ఎక్కువట.

ఆ అమ్మాయి మాట కొచ్చి మెట్రో లెక్కలన్నిటికీ తాళంచెవి. ప్రాజెక్టు నివేదికలో రోజుకు మూడున్నర లక్షలకు పైగా జనం ఎక్కుతారని రాశారు. ఎక్కుతున్నది లక్షకు అటూ ఇటూ. తృప్పూణితుర దాకా 28 కిలోమీటర్లు, 25 స్టేషన్లు 2024 మార్చికి పూర్తయ్యాక కూడా అంతే. 2022-23లో మొదటిసారి నడిపే ఖర్చులు పోను కాస్త మిగిలిందని గర్వంగా చెప్పుకున్నారు. అప్పుల వడ్డీ అందులో లేదు. అంటే రైలు బాగుంది, నడిపేవాళ్లు బాగున్నారు, ఇంటి గుమ్మానికీ స్టేషను మెట్లకీ మధ్య ఉన్న కిలోమీటరు బాగోలేదు. ఇది గ్రహించి ఫీడర్ ఆటోలు పెట్టారు, 2025లో చిన్న ఎలక్ట్రిక్ బస్సులు దించారు. ముందు చేయాల్సింది తర్వాత చేశారు. మనకు ఆ తప్పు ముందే కనిపిస్తోంది కాబట్టి తప్పించుకోవచ్చు, తప్పించుకుంటే.

వైటిలలో దిగినప్పుడు నాకు అసలైన అసూయ కలిగింది. ఒకటే ఆవరణ. అటు దూరప్రాంతాల బస్సులు, ఇటు సిటీ బస్సులు, పైన మెట్రో, నాలుగడుగులు వేస్తే నీళ్లు, నీళ్ల మీద పడవ. 2011లోనే బస్సుల కోసం ఈ స్థలాన్ని సిద్ధం చేసి పెట్టుకున్నారు, తర్వాత రైలు, ఆ తర్వాత పడవ వచ్చి చేరాయి. మా పండిట్ నెహ్రూ బస్ స్టేషను కూడా నీటి పక్కనే ఉంది. గోడ దాటితే పద్మావతి ఘాట్. అక్కడే రెండు మెట్రో దారులూ కలుస్తాయని ప్రణాళిక. కాగితం మీద వైటిల కన్నా మాదే గొప్ప చోటు. కాకపోతే రైల్వే స్టేషను కాలువల అవతల వేరే ప్రపంచంలో ఉంటుంది. సామాను మోసుకుని అక్కణ్ణుంచి బస్టాండుకు నడిచినవాళ్లకు తెలుస్తుంది ఆ దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదని.

వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. కొచ్చిన్ షిప్‌యార్డులో చేసిన అల్యూమినియం పడవలు, వంద మంది పడతారు. బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి డీజిలు కంపు లేదు, డబడబ చప్పుడు లేదు. రేవు తేలే బల్లకట్టు. నీళ్లు పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకని ఒడ్డూ పడవా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. చక్రాల కుర్చీలో ఒక ముసలావిణ్ణి మనవడు తోసుకొచ్చాడు. ఎవరూ చెయ్యి వేయలేదు, వేయాల్సిన అవసరం రాలేదు. కుర్చీ అలా దొర్లుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. కక్కనాడ్ వైపు పడవ కదిలాక నీటి మీద గుర్రపుడెక్క కనిపించింది. ఏలూరు కాలువలో, రైవస్ కాలువలో నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్న అదే ఊదారంగు పూలు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పడవ కాదు, గేటు. లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ లెక్కపెడుతుంది. పరిమితి చేరగానే మిగతావాళ్లు తర్వాతి పడవకి. అక్కడ ఆగిపోయిన కుటుంబంలో పిల్లాడు ఏడుపు అందుకున్నాడు, తండ్రి గార్డుతో వాదించలేదు, పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరే కదా సర్దుకుంటారులే అనే మాట ఎవరి నోటా రాలేదు. 2017 నవంబరులో మా ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. కార్తీక మాసం, ఆదివారం, సర్దుకుని ఎక్కిన జనం. కేరళకూ ఆ చరిత్ర లేకపోలేదు. వాటర్ మెట్రో మొదలైన పక్షం రోజులకే మలప్పురం జిల్లా తానూరులో పడవ మునిగి 22 మంది చనిపోయారు. ఒకే రాష్ట్రంలో ఒకే నెల తేడాలో రెండు రకాల పడవలు. తేడా ఇంజనులో లేదు, ఆ గేటులో ఉంది.

మరి మాకు పడవలు నడుస్తాయా? పడవలో కూర్చుని అదే ఆలోచించాను. పున్నమి ఘాట్ నుంచి దుర్గ ఘాట్ దాకా, భవానీ ద్వీపం మీదుగా అటు అమరావతి ఒడ్డుకు అయితే నడుస్తాయి. కృష్ణ మీది బ్యారేజీకి ఎగువన 12 అడుగుల నీళ్లు నిలబెడతారు కాబట్టి. అయితే బస్టాండు బ్యారేజీకి దిగువన ఉంది. మధ్యలో డెబ్బై గేట్లు. భవానీపురంలో పడవెక్కినవాడు నేరుగా మెట్రో మెట్ల దగ్గర దిగలేడు. పైగా కొచ్చి నీళ్లు సముద్రపు పోటుతో కాస్త పెరిగి కాస్త తగ్గే నీళ్లు, మాది కృష్ణమ్మ. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దేశాయి. అదే వారం అటు బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది, మావైపు కాలనీల్లోకీ నీళ్లొచ్చాయి. నది పక్కన ఉన్న ప్రతి ఊరూ కొచ్చి అయిపోదు. కొచ్చిని చూసొచ్చి మాకూ వాటర్ మెట్రో అనేవాళ్లు ముందు బ్యారేజీ మీద నిలబడి అటూ ఇటూ చూడాలి.

మరో దారి పడవెక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగి చీనా వలల దగ్గర కాసేపు కూర్చున్నాను. నలుగురైదుగురు కలిసి తాళ్లు లాగుతుంటే వల మెల్లగా నీటిలోంచి లేచింది. ఇంత పెద్ద వలకు అంత తక్కువ చేపలు. మధ్యాహ్నం మట్ట బియ్యం అన్నం, చింతపండు బదులు కుడంపులి వేసిన చేపల పులుసు. ఎర్రటి లావు గింజ, ఒక్కోటి నమలాలి. కృష్ణా డెల్టా సన్నన్నం తిని పెరిగినవాడికి అది భోజనం కన్నా వ్యాయామం. పులుసు మాత్రం మా అవనిగడ్డ వైపు వండేదానికి ఏమీ తీసిపోదు.

ఈ కేరళలోనే ఇంకో రెండు ఊళ్ల కథ ఉంది, దాన్ని మెట్రో పొగిడేవాళ్లు చెప్పరు. తిరువనంతపురం, కోళికోడ్‌లకు లైట్ మెట్రో వేద్దామని మెట్రో ఇంజనీరు శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో ఢిల్లీ మెట్రో వాళ్లు నివేదికలు తయారుచేశారు. చిన్న పెట్టెలు, తేలిక కట్టడం, మలుపు పదునుగా ఉన్నా తిరగగల రైలు. మధ్యతరహా ఊళ్లకు సరిపోయే ఆలోచన. ఏళ్లు గడిచినా ప్రభుత్వం నుంచి కదలిక లేక 2018లో వాళ్లు ఆఫీసులు మూసుకుని వెళ్లిపోయారు. పెద్ద రైలు దక్కిన కొచ్చి కళ్లముందుండగా చిన్న రైలు కోసం ఏ ఊరు కొట్లాడుతుంది?

మాదీ అదే దారి. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లే విజయవాడకు నివేదిక ఇచ్చారు. బస్టాండు నుంచి బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకు ఒకటి, ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకు ఒకటి, కలిపి 26 కిలోమీటర్లు, 6,769 కోట్లు. టెండర్లు పిలిచారు, ధరలు ఎక్కువ వచ్చాయని రద్దుచేశారు. 2017 ఆగస్టులో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చి, ఇంతకన్నా చవకైన దారి లేదని ముందు రుజువు చేయమంది. మాట లైట్ మెట్రో మీదకు మళ్లింది, అక్కడా ఆగింది. 2019లో కేంద్రమే గంటకు ఒకవైపు 15 వేల మంది దాకా ఉండే ఊళ్లకు మెట్రోలైట్ అని ప్రమాణాలు రాసిపెట్టింది. ఇప్పుడు మళ్లీ మెట్రో. మొదటి దశలో బస్టాండు నుంచి గన్నవరం, బస్టాండు నుంచి పెనమలూరు కలిపి 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. రెండో దశలో అమరావతికి 27.75 కిలోమీటర్లు. రామవరప్పాడు రింగ్ నుంచి నిడమానూరు దాకా కింద ఫ్లైఓవరు, పైన రైలు అంటున్నారు.

కొచ్చికి 2012లో మంజూరు చేసినప్పుడు కిలోమీటరు అంచనా రెండు వందల కోట్ల పైచిలుకు. మాకు 2015లో 260, ఇప్పుడు దాదాపు 287. ఆలోచించుకునేకొద్దీ పెరిగే లెక్క ఇది. నా మటుకు నేను 2017లోనే చిన్న రైలుకు తల ఊపేసి ఉంటే బాగుండేదనుకుంటాను. బందరు రోడ్డు మీద పరువు కోసం కాదు కదా రైలు ఎక్కేది. ఆటోనగర్ వర్క్‌షాపుకి వెళ్లే మెకానిక్కుకి పెట్టె ఎంత వెడల్పో పట్టదు, పది నిమిషాలకు వస్తుందా రాదా అన్నదే పట్టింపు. బస్సుల సంగతీ చూశాం. బీఆర్‌టీఎస్ అని రోడ్డు మధ్యలో బస్సుల కోసమే దారి వేశారు. ఇప్పుడు ఆ పేరు రోడ్డుకు మిగిలింది, సాయంత్రం పూట వాకింగు చేసేవాళ్లకు, తిండి బళ్లకు రోడ్డు మిగిలింది. బస్సుకు ప్రత్యేకంగా దారి కాపాడలేనివాళ్లం రైలుకు ఫుట్‌పాత్ కాపాడతామా అన్నది నా అనుమానం. వైటిలలో నాకు నచ్చింది రైలు కన్నా, రైలు దిగాక నడిచిన ఆ కాస్త దారి. దాని మీద బండి నిలబెట్టినవాడు లేడు, పునుగుల పొయ్యి పెట్టినవాడూ లేడు. పునుగులు లేకపోవడం కొంత లోటే అనుకోండి.

పెళ్లి బాగా జరిగింది. అరిటాకులో వరసగా వడ్డించిన సద్యలో ఇరవై రకాల పైన ఉన్నాయి, ఆవకాయ తప్ప.

తిరుగు రైలు తెల్లవారుజామున విజయవాడ చేర్చింది. స్టేషను బయట షేర్ ఆటో. ఇంకో ఇద్దరు ఎక్కేదాకా కదలదు. కుర్రాడు భవానీపురం స్వాతి సెంటర్ వాడే. మెట్రో సంగతి కదిపాను.

"మెట్రో వస్తే మీ ఆటోలకు దెబ్బేనా తమ్ముడూ?"

"దెబ్బ ఎందుకండీ? భవానీపురానికి ఎట్టాగూ వెయ్యట్లేదుగా. గన్నవరం నుంచి వచ్చినోళ్లు బస్టాండులో దిగి ఇటు రావాలంటే మేమేగా."

"అయితే మంచిదేగా."

"మంచిదే. నిలబడనిస్తే. ఇప్పుడే బస్టాండు ముందు ఆగితే ఫైనేస్తన్నారు. రైలు దిగినోళ్లని ఎక్కడ ఎక్కించుకోమంటారు, బ్యారేజీ మీదా?"

కొచ్చిలో స్టేషను మెట్ల కిందే ఆటోలకు గీతలు గీసి ఇచ్చారని చెప్పాను. నమ్మలేదు. కుమ్మరిపాలెం సెంటర్లో ఒకాయన దిగాడు. చిల్లర లెక్కపెట్టి ఇస్తూ కుర్రాడు వెనక్కి తిరిగాడు.

"ఐదు నిమిషాలకో రైలంటున్నారుగా. ఒక రైలుకి భవానీపురం, గొల్లపూడి వచ్చేవాళ్లు ఎంతమంది దిగుతారో ఆళ్లని చెప్పమనండి. ఎన్ని ఆటోలు కావాలో, ఎంత జాగా కావాలో మా యూనియనోళ్లు రాసిస్తారు."